క్రిస్తోబల్ బాలెన్సియాగా

క్రిస్తోబల్ బాలెన్సియాగా (జనవరి 21, 1895 - మార్చి 23, 1972) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ దుస్తుల రూపశిల్పి. ఉత్తర స్పెయిన్ సముద్రతీరంలోని ఒక చిన్న మత్స్యకార గ్రామంలో, సాధారణ కుటుంబంలో జన్మించి, కుట్టుపనివాడుగా జీవితం ప్రారంభించి, పారిస్ మహానగరంలో తన రంగానికి పెద్దదిక్కుగా గుర్తింపు పొందాడు. 1937 నుండి 1968 వరకు ఆయన పారిస్‌లో నడిపిన దుస్తుల సంస్థ ఇరవయ్యవ శతాబ్దపు స్త్రీల వేషధారణను ఎంతగానో ప్రభావితం చేసింది. దుస్తును ఊహించడం, గుడ్డను ఎంచుకోవడం, కత్తిరించడం, కుట్టడం, తుదిమెరుగులు దిద్దడం - ఇన్ని పనులనూ స్వహస్తాలతో చేయగలిగిన అరుదైన రూపశిల్పిగా సమకాలికులు ఆయనను గౌరవించారు. చేతిపని స్థానాన్ని యంత్రం ఆక్రమిస్తున్న కాలంలో రాజీపడడానికి ఇష్టపడక, కీర్తి తగ్గకముందే తన సంస్థను తానే మూసివేయడం ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం.

జననం, బాల్యం

బాలెన్సియాగా 1895 జనవరి 21న స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో, గిపుస్కోవా రాష్ట్రానికి చెందిన గెతారియా గ్రామంలో జన్మించాడు. బిస్కే అఖాతం ఒడ్డున ఉన్న ఈ గ్రామం చరిత్రలో ఇంతకుముందే పేరొందినది. మాజెల్లాన్ మరణానంతరం నౌకను నడిపించి, 1522లో తొలి భూప్రదక్షిణను పూర్తిచేసిన నావికుడు హువాన్ సెబాస్టియన్ ఎల్కానో ఈ ఊరివాడే.

ఆయన పూర్తి పేరు క్రిస్తోబల్ బాలెన్సియాగా ఐసాగిర్రే. స్పెయిన్ దేశపు ఆచారం ప్రకారం ప్రతి వ్యక్తికీ రెండు ఇంటిపేర్లుంటాయి. మొదటిది తండ్రి నుండి, రెండవది తల్లి నుండి వస్తుంది. తెలుగువారి ఇంటిపేరు వలె ముందు కాక, ఇవి పేరు తరువాత చేరుతాయి. తల్లి ఇంటిపేరైన ఐసాగిర్రే తరువాతి కాలంలో ఆయన వ్యాపారానికి పేరైంది కనుక ఈ విషయం గుర్తుంచుకోదగినది.

తండ్రి హోసే సముద్రంపై ఆధారపడి జీవించిన పడవవాడు. తల్లి మార్టీనా కుట్టుపని చేసేది. 1906లో తండ్రి మరణించాడు. అప్పటికి బాలెన్సియాగాకు పదకొండేళ్లు. కుటుంబభారం పూర్తిగా తల్లిమీద పడింది. ఆమె ఊరి బాలికలకు కుట్టుపని నేర్పుతూ, సంపన్నుల ఇళ్లకు దుస్తులు కుట్టి ఇస్తూ పిల్లలను పోషించింది. తల్లి పక్కన కూర్చుని సూదీ దారం పట్టుకోవడం, గుడ్డ స్వభావాన్ని వేళ్లతో తెలుసుకోవడం ఆ బాలునికి అప్పుడే అలవాటైంది.

వేసవి విడిదికి గెతారియా వచ్చే కాసా తోరెస్ ప్రభువంశీయుల ఇంటికి మార్టీనా దుస్తులు కుట్టేది. తల్లితో పాటు ఆ ఇంటికి వెళ్లివచ్చే బాలెన్సియాగాకు పారిస్, లండన్ నగరాల నుండి తెప్పించిన మేలైన దుస్తులను దగ్గరగా చూసే అవకాశం కలిగింది. ఆ బాలుని ఆసక్తిని గమనించిన ప్రభుపత్ని తన దుస్తులలో ఒకదానిని ఇచ్చి, దానివంటిదే మరొకటి కుట్టమన్నదని, అతడు ఆ పరీక్షలో నెగ్గాడని చెప్పుకుంటారు. ఈ కథలో వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి. ఆమె ప్రోత్సాహం మాత్రం అతని తొలి అడుగులకు ఆధారమైంది.

కుట్టుపనిలో శిక్షణ

పన్నెండేళ్ల వయసులో బాలెన్సియాగా గెతారియాకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న శాన్ సెబాస్టియన్ నగరంలో ఒక దర్జీ వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ రోజుల్లో స్పెయిన్ రాజకుటుంబం వేసవికాలం ఆ నగరంలో గడిపేది. రాజకుటుంబంతో పాటు దేశంలోని ధనికులు, ఫ్రాన్స్ నుండి విహారయాత్రికులు వచ్చేవారు. ఆ కారణంగా పారిస్ దుస్తుల పోకడలు మాడ్రిడ్ కంటే ముందుగానే శాన్ సెబాస్టియన్ చేరేవి.

1911లో ఒక పెద్ద పారిస్ దుకాణానికి శాన్ సెబాస్టియన్‌లో ఉన్న శాఖలో ఆయనకు పని దొరికింది. రెండేళ్లలోనే స్త్రీల దుస్తుల కుట్టుశాలకు ప్రధాన పనివాడయ్యాడు. ఈ ఉద్యోగం ద్వారా పారిస్ వెళ్లి అక్కడి నమూనాలను చూసే అవకాశం లభించింది. ఫ్రెంచి భాష కూడా నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ కాలపు పారిస్ రూపశిల్పులలో చాలామంది కాగితంపై బొమ్మ గీసి ఇస్తే, కత్తిరించేవారు ఒకరు, కుట్టేవారు ఒకరుగా పని సాగేది. బాలెన్సియాగా మాత్రం పురుషుల కోట్లు కుట్టే దర్జీల పద్ధతిలో, అట్టడుగు మెట్టు నుండి పని నేర్చుకున్నాడు. భుజం దగ్గర చెయ్యి ఎలా కూర్చోవాలి, కాలర్ ఎక్కడ మడవాలి, ఇస్త్రీపెట్టె వేడితో ఉన్నిగుడ్డను ఎలా వంచాలి అనే మెళకువలు ఆయనకు పుస్తకాల ద్వారా కాక చేతుల ద్వారా వచ్చాయి.

శాన్ సెబాస్టియన్‌లో సొంత సంస్థ

1917లో, ఇరవై రెండేళ్ల వయసులో, శాన్ సెబాస్టియన్‌లో తన పేరుతో కుట్టుశాల ప్రారంభించాడు. మరుసటి సంవత్సరం ఇద్దరు సోదరీమణులతో భాగస్వామ్యం కుదుర్చుకుని వ్యాపారాన్ని విస్తరించాడు. 1924లో ఆ భాగస్వామ్యం ముగియగా తిరిగి ఒంటరిగా సంస్థ నడిపాడు. రాజమాత మరియా క్రిస్టీనా, రాణి విక్టోరియా యుజీనీ ఆయన వద్ద దుస్తులు కుట్టించుకున్నారు.

ఈ కాలంలో ఆయన ఏటా పారిస్ వెళ్లి శానెల్, వియొనే, లాన్వే మొదలైన ప్రసిద్ధ సంస్థల నమూనాలను కొని తెచ్చేవాడు. వాటిని స్పెయిన్ స్త్రీల అభిరుచికి తగినట్లు మార్చి కుట్టడం అప్పటి వ్యాపార పద్ధతి. కొన్న దుస్తును కుట్లు విప్పి, ముక్కలుగా పరిచి, ఏ ముక్క ఎందుకు ఆ ఆకారంలో ఉందో పరిశీలించడం ఆయనకు ఒక విద్యాభ్యాసం వంటిది. గుడ్డను ఏటవాలుగా కత్తిరించి శరీరంపై జారేటట్లు చేయడంలో నిపుణురాలైన మడెలీన్ వియొనే ప్రభావం ఆయనపై బాగా ఉంది. తరువాతి కాలంలో వారిద్దరూ మంచి మిత్రులయ్యారు.

1931లో స్పెయిన్‌లో రాచరికం అంతరించి గణతంత్రం ఏర్పడింది. రాజకుటుంబం దేశం విడిచి వెళ్లింది. ప్రధాన ఖాతాదారులు దూరం కావడంతో బాలెన్సియాగా వ్యాపారం దెబ్బతిన్నది. అయినా ఆయన వెనుదిరగలేదు. తల్లి ఇంటిపేరును కుదించి ఐసా అనే పేరుతో వ్యాపారం సాగించాడు. 1933లో మాడ్రిడ్‌లోను, 1935లో బార్సిలోనాలోను శాఖలు ప్రారంభించాడు. అక్క, అన్న కూడా ఈ వ్యాపారంలో తోడుగా నిలిచారు.

అంతర్యుద్ధం - పారిస్ ప్రయాణం

1936 జూలైలో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైంది. కుట్టుశాలలు మూతపడ్డాయి. పందొమ్మిదేళ్ల శ్రమతో నిర్మించుకున్నదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. బాలెన్సియాగా దేశం విడిచి, లండన్‌లో కొద్దికాలం ప్రయత్నించి, అక్కడ అవకాశం కుదరక పారిస్ చేరాడు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. స్పెయిన్‌లో పేరున్నవాడైనా పారిస్‌లో ఆయనకు గుర్తింపు లేదు.

ఈ దశలో ఇద్దరు ఆయనకు అండగా నిలిచారు. ఒకరు బాస్క్ ప్రాంతానికే చెందిన నికోలాస్ బిస్కరోందో. ఈయన పెట్టుబడి సమకూర్చాడు. రెండవవారు వ్లాజియో యావోరోవ్‌స్కీ దాతావీల్. టోపీల రూపకల్పనలో నేర్పరి అయిన ఈయన బాలెన్సియాగాకు జీవిత సహచరుడు కూడా. వీరి సహకారంతో 1937లో పారిస్ నగరంలోని జార్జ్ సాంక్ వీధిలో 10వ నంబరు భవనంలో బాలెన్సియాగా సంస్థ వెలిసింది. అదే సంవత్సరం ఆగస్టులో తొలి ప్రదర్శన జరిగింది. పత్రికలవారు, అమెరికా దుకాణదారులు వెంటనే ఆయన ప్రత్యేకతను గుర్తించారు.

1939లో ఆయన రూపొందించిన ఇన్‌ఫాంటా గౌను స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ చిత్రించిన రాజకుమార్తెల వేషధారణకు కొత్తరూపం. దేశం విడిచివచ్చిన తరువాతనే ఆయన దుస్తులలో స్పెయిన్ స్పష్టంగా కనిపించసాగింది. గోయా చిత్రాలలోని నల్లని లేసు, సుర్బరాన్ చిత్రించిన సాధువుల అంగీల మడతలు, ఎద్దులతో పోరాడే యోధుల పొట్టి కోట్లు, చర్చి గురువుల పైవస్త్రాలు, గెతారియా జాలరుల వదులైన చొక్కాలు - ఇవన్నీ ఆయన చేతిలో స్త్రీల దుస్తులుగా మారాయి. నలుపురంగును ఆయనంత విస్తారంగా, వైవిధ్యంతో వాడినవారు అరుదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలం

1940లో జర్మనీ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. గుడ్డకు, ఇతర సామగ్రికి పరిమితులు విధించబడ్డాయి. స్పెయిన్ యుద్ధంలో చేరని దేశం కావడం బాలెన్సియాగాకు కొంత అనుకూలించి, సంస్థ కొనసాగింది. పరిమితికి మించి గుడ్డ వాడారన్న కారణంతో 1944లో జర్మన్ అధికారులు ఆయన సంస్థను కొంతకాలం మూయించారు. ఈ లోపల స్పెయిన్‌లో అంతర్యుద్ధం ముగియడంతో అక్కడి శాఖలు ఐసా పేరుతోనే తిరిగి తెరుచుకున్నాయి. పారిస్ నమూనాలనే అక్కడ తక్కువ ధరకు కుట్టి ఇచ్చేవారు కనుక విదేశీ ఖాతాదారులు కూడా మాడ్రిడ్ వెళ్లి కుట్టించుకునేవారు. హాలీవుడ్ నటి ఆవా గార్డ్‌నర్ వారిలో ఒకరు.

స్పెయిన్ నియంత ఫ్రాంకో భార్య కూడా ఆయన ఖాతాదారులలో ఒకరు. అంతర్యుద్ధం వలన ప్రవాసం వెళ్లిన వ్యక్తి, ఆ యుద్ధంలో గెలిచినవారి కుటుంబానికి దుస్తులు కుట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. బాలెన్సియాగా రాజకీయాలపై బహిరంగంగా మాట్లాడలేదు. ఆయన మౌనాన్ని కొందరు వృత్తిధర్మంగా, కొందరు లౌక్యంగా పరిగణిస్తారు.

రూపకల్పనలో మార్పులు

1947లో క్రిస్టియన్ డియోర్ తన తొలి ప్రదర్శనతో ప్రపంచ దృష్టిని ఆకర్షించాడు. సన్నని నడుము, విశాలమైన గౌను ఆయన పద్ధతి. అందుకోసం నడుమును గట్టిగా బిగించే లోదుస్తులు అవసరమయ్యేవి. బాలెన్సియాగా దీనికి భిన్నమైన దారి పట్టాడు. శరీరాన్ని దుస్తుకు తగినట్లు బంధించడం కాక, శరీరానికీ గుడ్డకూ నడుమ కొంత గాలి, కొంత ఖాళీ ఉండాలని భావించాడు. ఆ ఆలోచన ఏటేటా ఒక్కొక్క మెట్టుగా ఎదిగింది.

1951లో ముందువైపు శరీరానికి అమరి, వెనుకవైపు వదులుగా ఉండే కోటును రూపొందించాడు. 1955లో నడుమును నొక్కిచెప్పని, తిన్నని ట్యూనిక్ దుస్తు వచ్చింది. 1957లో సాక్ డ్రెస్, అనగా సంచి గౌను వచ్చింది. ఇందులో నడుము పూర్తిగా అదృశ్యమైంది. మొదట దీనిని చూసి పత్రికలు, పురుషులు పరిహసించారు. కాని తరువాతి దశాబ్దంలో యువతులు ధరించిన తిన్నని పొట్టి గౌనులకు ఇదే మూలమైంది. 1958లో భుజాల నుండి గంటవలె విచ్చుకునే బేబీ డాల్ గౌను, ముందు పొట్టిగా వెనుక పొడవుగా ఉండే నెమలితోక గౌను వెలువడ్డాయి.

ఆయన ఖాతాదారులందరూ సన్నని యువతులు కారు. నడివయసు దాటినవారు, స్థూలకాయులు ఎందరో ఉన్నారు. కాలర్‌ను మెడకు కొంచెం దూరంగా జరిపితే మెడ పొడవుగా కనిపిస్తుంది. చెయ్యి పొడవును మణికట్టుకు పైన ఆపితే చేతి నాజూకుతనమూ, ధరించిన గాజులూ కనిపిస్తాయి. వెనుకవైపు వదులుగా ఉంచితే వంగిన వీపు మరుగునపడుతుంది. ఇటువంటి ఉపాయాల వలన ధరించినవారికి హుందాతనం, సౌకర్యం రెండూ లభించేవి.

పని విధానం

బాలెన్సియాగా రూపకల్పన గుడ్డతోనే మొదలయ్యేది. ముందుగా గుడ్డను చేతితో తాకి, దాని బరువు, జారుడు, బిరుసు తెలుసుకుని, దానికి ఏ ఆకారం తగునో నిర్ణయించేవాడు. స్విట్జర్లాండ్‌లోని అబ్రహాం సంస్థకు చెందిన గుస్తావ్ త్సుమ్‌స్టెగ్‌తో కలిసి 1958లో గజార్ అనే కొత్త పట్టుగుడ్డను తయారుచేయించాడు. గట్టిగా పురిపెట్టిన నూలుతో నేసిన ఈ గుడ్డ తేలికగా ఉంటూనే, మలచిన ఆకారాన్ని నిలుపుకుంటుంది. లోపల తీగలు, ఆసరాలు ఎక్కువగా లేకుండానే దుస్తు శిల్పంవలె నిలబడడానికి ఇది తోడ్పడింది. 1967లో ఈ గుడ్డతో అతి తక్కువ అతుకులతో చేసిన పెళ్లిదుస్తు ఆయన రచనలలో ఉత్తమమైనదిగా చాలామంది భావిస్తారు. 1961లో ఒకే ఒక్క అతుకుతో కోటును రూపొందించాడు.

చేతుల అమరిక విషయంలో ఆయన పట్టుదల ప్రసిద్ధమైనది. భుజంవద్ద చెయ్యి సరిగా కూర్చోలేదని అనిపిస్తే, పూర్తయిన దుస్తు అయినా కుట్లు విప్పి మళ్లీ మళ్లీ కుట్టేవాడు. ధరించినవారు చెయ్యి పైకెత్తినపుడు మిగిలిన దుస్తు కదలకూడదని ఆయన నియమం. ప్రతి ప్రదర్శనలోను ఒక నల్లని దుస్తును మొదటి నుండి చివరి వరకు తన చేతులతోనే కుట్టేవాడని ప్రతీతి.

భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. 1960వ దశకం మధ్యలో ఆయన చీరకట్టు నుండి స్ఫూర్తి పొంది కొన్ని సాయంకాలపు దుస్తులను రూపొందించాడు. కుట్టు లేని ఒకే వస్త్రం, కేవలం మడతల వలన, చుట్టుకునే తీరు వలన సంపూర్ణమైన వేషం కావడం చీరలోని ప్రత్యేకత. అతుకులను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చిన శిల్పికి అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

పత్రికలు, ప్రచారం

బాలెన్సియాగా ప్రచారానికి దూరంగా ఉండేవాడు. ప్రదర్శన ముగిసిన తరువాత వేదికపైకి రావడం ఆయనకు అలవాటు లేదు. ఆయన ప్రదర్శనశాలలో సంగీతం గాని, మాటల సందడి గాని ఉండేవి కావు. దుస్తులు ధరించి నడిచే యువతులు నవ్వకూడదు, చూపరుల వంక చూడకూడదు. పారిస్ రూపశిల్పుల అధికారిక సంఘంలో ఆయన సభ్యుడు కాలేదు.

నమూనాలను చూసి దొంగతనంగా నకలు చేసే వ్యాపారం అప్పుడు విపరీతంగా ఉండేది. దీనిని అరికట్టడానికి 1950వ దశకం రెండవ భాగంలో ఆయన, మిత్రుడు హ్యూబర్ట్ ద జివాంషీ కలిసి ఒక నిర్ణయం తీసుకున్నారు. దుకాణదారులకు దుస్తులు చూపిన చాలా రోజుల తరువాత గాని పత్రికలవారిని లోపలికి రానివ్వలేదు. దీనితో విలేకరులు పారిస్‌కు రెండుసార్లు రావలసి వచ్చేది. వారు ఆగ్రహించినా ఆయన దశాబ్దం పాటు ఈ పద్ధతిని మార్చలేదు.

సమకాలికులు, శిష్యులు

పోటీదారులు కూడా ఆయనను మెచ్చుకోవడం విశేషం. డియోర్ ఆయనను తమందరికీ గురువుగా పేర్కొన్నాడు. ఇతరులను తేలికగా మెచ్చని శానెల్ సైతం, కత్తిరింపు నుండి కుట్టు వరకు అన్నీ తెలిసిన నిజమైన పనివాడు ఆయనేనని అంగీకరించింది. 1948లో సహచరుడు దాతావీల్ మరణించినపుడు బాలెన్సియాగా కుంగిపోయి సంస్థను మూసివేయాలనుకున్నాడని, డియోర్ మొదలైనవారు నచ్చజెప్పి ఆపారని చెబుతారు.

ఆంద్రే కురేజ్ సుమారు పదేళ్లు, ఎమాన్యుయెల్ ఉంగారో సుమారు ఆరేళ్లు ఆయన కుట్టుశాలలో పనిచేసి, తరువాత స్వంత సంస్థలు స్థాపించి ప్రసిద్ధులయ్యారు. ఆస్కార్ ద లా రెంటా మాడ్రిడ్ శాఖలో తొలిపాఠాలు నేర్చుకున్నాడు. లోహపు ముక్కలతో దుస్తులు చేసి పేరుపొందిన పాకో రబాన్ తల్లి బాలెన్సియాగా కుట్టుశాలలో ప్రధాన పనిమనిషి. జివాంషీ ఆయన వద్ద ఉద్యోగం చేయకపోయినా తనను శిష్యుడుగానే భావించుకున్నాడు.

సంస్థ మూసివేత

1960వ దశకంలో పరిస్థితులు మారిపోయాయి. ఒక్కొక్కరి కొలతలకు చేతితో కుట్టే దుస్తుల ఖర్చు పెరిగింది. పనివారి వేతనాలు, పన్నులు అధికమయ్యాయి. యువతరం రెడీమేడ్ దుస్తుల వైపు మళ్లింది. ఇతర రూపశిల్పులు తమ పేరుతో రెడీమేడ్ దుకాణాలు తెరిచారు. అదే దారి పట్టి ఉంటే బాలెన్సియాగా అపారమైన ధనం గడించి ఉండేవాడు. కాని, ఎవరు ధరిస్తారో తెలియని దుస్తును, ఎవరి కొలతలూ లేకుండా కుట్టడం ఆయన నేర్చిన విద్యకు విరుద్ధం. ఎయిర్ ఫ్రాన్స్ సంస్థ విమాన పరిచారికల కోసం 1960వ దశకం చివర ఆయన రూపొందించిన ఏకరూప దుస్తులు మాత్రం ఇందుకు మినహాయింపు.

1968లో, 73 ఏళ్ల వయసులో, పారిస్ సంస్థను మూసివేశాడు. అనంతరం స్పెయిన్ శాఖలూ మూతపడ్డాయి. ఈ నిర్ణయం ఖాతాదారులకు, పనివారికి ఆకస్మికంగా తోచింది. ఖాతాదారులకు అది ఒక ఆప్తుని ఎడబాటు వంటిది. ఏళ్ల తరబడి ఆయన వద్దనే చేతులు అరిగేలా పనిచేసిన కుట్టుపనివారికి అది జీవనోపాధి ప్రశ్న. తన నియమానికి కట్టుబడిన మనిషిగా ఆయనను కీర్తించేవారు ఈ రెండవ పక్షాన్ని మరువరాదు. అమెరికాకు చెందిన బన్నీ మెలన్ వంటి కొందరు ఖాతాదారులను ఆయన స్వయంగా, అదే వీధిలో ఎదురుగా ఉన్న జివాంషీ సంస్థకు అప్పగించాడు.

చివరి రోజులు, మరణం

విశ్రాంత జీవితాన్ని స్పెయిన్‌లో గడిపాడు. 1971లో లండన్‌లోని ది టైమ్స్ పత్రిక విలేకరి ప్రూడెన్స్ గ్లిన్‌తో మాట్లాడడం, జీవితమంతా పత్రికలకు దూరంగా ఉన్న ఆయన విషయంలో అరుదైన సంఘటన. ఫ్రాంకో మనుమరాలి వివాహం 1972 మార్చి 8న జరిగింది. ఆమె పెళ్లిదుస్తు బాలెన్సియాగా చివరి రచనలలో ఒకటి. పదిహేను రోజుల తరువాత, 1972 మార్చి 23న, మధ్యధరా తీరంలోని హావియా పట్టణంలో గుండెపోటుతో మరణించాడు. ఆయనను స్వగ్రామమైన గెతారియాలో సమాధి చేశారు.

మరణానంతరం

1973లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన దుస్తులతో భారీ ప్రదర్శన ఏర్పాటు చేసింది. 2017లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నిర్వహించిన ప్రదర్శనలో కొన్ని దుస్తులకు ఎక్స్-రే తీసి చూపారు. అస్తరు కింద దాగిన సన్నని ఆసరాలు, అంచులు నిలవడానికి పెట్టిన బరువులు బయటపడ్డాయి. పైకి సులువుగా కనిపించినదాని వెనుక ఎంత లెక్క ఉందో లోకానికి తెలిసింది.

ఆయన పేరు మాత్రం చేతులు మారింది. 1986లో సంస్థను సుగంధ ద్రవ్యాల వ్యాపారులైన జాక్ బోగార్ట్ సంస్థ కొనుగోలు చేసి, రెడీమేడ్ దుస్తులను ప్రవేశపెట్టింది. 2001లో గుచ్చీ గ్రూపు చేతికి వచ్చింది. ఆ గ్రూపు మాతృసంస్థ తరువాత కేరింగ్ పేరుతో వ్యవహరించబడుతున్నది. నికోలా గెస్కియేర్ (1997-2012), అలెగ్జాండర్ వాంగ్ (2012-2015), డెమ్నా (2015-2025) వరుసగా రూపకల్పన బాధ్యతలు వహించగా, 2025లో పియర్‌పావొలో పిచ్చోలీ ఆ స్థానానికి వచ్చాడు. రెడీమేడ్‌ను నిరాకరించి సంస్థను మూసిన వ్యక్తి పేరు ఇప్పుడు బూట్లమీద, చేతిసంచులమీద కనిపించడం కాలవైపరీత్యం. అయితే 2021 జూలైలో, 53 సంవత్సరాల తరువాత, జార్జ్ సాంక్ వీధిలోని పాత భవనంలోనే చేతితో కుట్టిన దుస్తుల ప్రదర్శనను ఆ సంస్థ పునరుద్ధరించింది. పాత ఆచారం ప్రకారం అప్పుడు కూడా సంగీతం లేకుండా, నిశ్శబ్దంగానే ప్రదర్శన జరిగింది.

ముఖ్య ఘట్టాలు

1895 - గెతారియాలో జననం.
1906 - తండ్రి మరణం.
1917 - శాన్ సెబాస్టియన్‌లో సొంత కుట్టుశాల.
1933 - మాడ్రిడ్ శాఖ.
1935 - బార్సిలోనా శాఖ.
1937 - పారిస్‌లో సంస్థ స్థాపన, తొలి ప్రదర్శన.
1947 - ల దీస్ సుగంధ ద్రవ్యం విడుదల. ఫ్రెంచి భాషలో ఈ పేరుకు పది అని అర్థం. ఇది సంస్థ భవనం నంబరు.
1957 - సాక్ డ్రెస్.
1958 - గజార్ గుడ్డ. ఫ్రాన్స్ ప్రభుత్వంచే లెజియన్ దొనార్ పురస్కారం.
1968 - పారిస్ సంస్థ మూసివేత.
1972 - మరణం.

కొన్ని విశేషాలు

1960 డిసెంబరు 15న బెల్జియం రాజు బౌదువాన్‌ను వివాహమాడిన ఫాబియోలా పెళ్లిదుస్తును బాలెన్సియాగా రూపొందించాడు. గెతారియాలో బాలెన్సియాగాను ప్రోత్సహించిన కాసా తోరెస్ ప్రభుపత్ని వంశానికే ఫాబియోలా చెందినది. ఆ విధంగా బాల్యంలో పొందిన ఆదరణకు అర్ధశతాబ్ది తరువాత ఆయన చేతిపనితో బదులు ఇచ్చినట్లయింది.

2011 జూన్‌లో గెతారియాలో బాలెన్సియాగా మ్యూజియం ప్రారంభమైంది. కొండవాలుపై ఉన్న ఈ కొత్త కట్టడాన్ని పాత అల్దమార్ భవనానికి ఆనుకుని నిర్మించారు. ఆ పాత భవనం కాసా తోరెస్ కుటుంబం వేసవి విడిదిగా ఉండేది. తల్లి మార్టీనా దుస్తులు కుట్టి ఇవ్వడానికి, చిన్న కొడుకును వెంటబెట్టుకుని వెళ్లిన ఇల్లు అదే.